ఇంట్లో కయాక్: ఆ ఒక్క వాక్యం సవరించండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంటి దగ్గరే చెక్క కయాక్ (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగు పత్రికలో ఇటువంటి విషయానికి అరపేజీ దొరకడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే అందులో రెండు మాటల గురించి రాయక తప్పడం లేదు. ఒకటి, ‘వడ్రంగంలో చెయ్యి తిరిగినవారికే ఇది సాధ్యం’ అన్నది. రెండవది, ‘జిగురు త్వరగా ఆరాలంటే హార్డెనర్‌ను కాస్త ఎక్కువ కలుపుకోవచ్చు’ అన్నది. హార్డెనర్ అంటే జిగురు గట్టిపడడానికి అందులో కలిపే ద్రవం. మొదటిది అభిప్రాయం, దానితో విభేదించి ఊరుకోవచ్చు. రెండవది మాత్రం పొరపాటు. దాన్ని నమ్మి పని మొదలుపెట్టినవారికి డబ్బు, కలప, ఒక్కోసారి చర్మం కూడా నష్టమవుతాయి. హార్డెనర్‌ను ఒకసారి తక్కువగానూ, మరొకసారి ఎక్కువగానూ కలిపి రెండు విధాలా దెబ్బతిన్నదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. సైనిక్‌పురిలో మా మేడ మీద, టార్పాలిన్ పందిరి కింద, పద్నాలుగు అడుగుల పొడవూ ఇరవై ఆరు అంగుళాల వెడల్పూ ఉన్న కయాక్‌ను కట్టాను. అంతకు ముందు నేను చేసిన వడ్రంగమంతా కలిపితే దేవుడి గూటికి ఒక అర బిగించడమే. పుట్టింది మాత్రం కైకలూరు వైపు, కొల్లేటి ఒడ్డున. తాటి మానును తొలిచి చేసిన దోనెలో కూర్చుని, గడ వేసే మా పెదనాన్నగారి వీపు చూస్తూ వెళ్లిన రోజులు ఇంకా కళ్లలో ఉన్నాయి. అందుచేత నీళ్లంటే బెరుకు లేదు కానీ, పడవ కట్టే విద్య నాకు వంశంలో వచ్చిందని ఎవరూ అనుకోనవసరం లేదు.

వ్యాసకర్త పడవ పని అనగానే వంచిన వాసాలు, చెక్కిన పలకలు, మేకులు ఊహించుకున్నట్లున్నారు. కయాక్ అసలు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల వేట పడవ. సముద్రంలో కొట్టుకువచ్చిన కలపతోనూ ఎముకతోనూ చట్రం కట్టి, దానికి సీలు చర్మం తొడిగేవారు. నేడు ఇంటి పట్టున కట్టుకునే కొత్తవారిలో చాలామంది అనుసరించే పద్ధతి వేరు. పలుచటి ప్లైవుడ్‌ను నమూనా ప్రకారం పొడవైన పట్టీలుగా కోసి, అంచుల వెంబడి రంధ్రాలు వేసి, రాగి తీగతో బట్ట కుట్టినట్లు కుట్టి, ఆ కుట్ల మీద ఎపాక్సీ జిగురు నింపి, పైన గాజునార గుడ్డ అతికించడమే ఈ పద్ధతి. పట్టీల అంచులు కలిసేసరికి పడవ ఆకారం తనంతట తానే వస్తుంది. వంపు మొత్తం కోతలోనే ఉంటుంది. అంటే ఇది వడ్రంగి పని కన్నా దర్జీ పనికి దగ్గర, దర్జీ పని కన్నా లెక్కల పనికి ఇంకా దగ్గర.

ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చింది ఒక దినపత్రిక అని మీకు గుర్తు చేయడం సముచితం. ఇంగ్లండులో 1963లో ‘డెయిలీ మిర్రర్’ పత్రిక పూనికతో, బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ అనే ఇద్దరు రూపకల్పన చేసిన చిన్న తెరచాప పడవ వెలువడింది. ఇంట్లో మామూలు మనుషులు కట్టుకోవడానికి వీలుగా ప్లైవుడ్ ముక్కల కట్టగా అమ్మిన ఆ పడవకు పత్రిక పేరే పెట్టారు. అటువంటివి ఇప్పటికి డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. వాటిని కట్టినవారిలో వడ్రంగులెందరు, గుమాస్తాలూ బడిపంతుళ్లూ ఎందరు అన్నది ఊహించుకోవడం కష్టం కాదు. అంత దూరం వెళ్లనవసరం కూడా లేదు. మన కోస్తాలో అలల పోటుకు తట్టుకోవడం కోసం మేకు లేకుండా, కొబ్బరి నార తాళ్లతో పలకలను కుట్టి కట్టిన మసులా పడవలు బ్రిటిషు వారి కాలంలోనూ ఓడల నుంచి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి. మేకు వేసిన పడవ అల దెబ్బకు పగిలే చోట కుట్టిన పడవ కొద్దిగా వంగి ఊరుకునేది. మా వీధిలో అలమరాలు చేసే వడ్రంగి ఒకరు నా కుట్లు చూసి, “మేకు లేదు, చీల లేదు, గిది నీళ్ల మీద నిలవడ్తదా మేడమ్?” అని అడిగినప్పుడు నేను ఈ మసులా పడవల సంగతే చెప్పాను. ఆయన నమ్మలేదు. “కార్తీకంలో మీరే ముందు ఎక్కుదురు గాని” అన్నాను. దానికి మాత్రం నవ్వి ఊరుకున్నారు.

ఇక ప్లైవుడ్ సంగతి. ‘నీటికి తట్టుకునే ఏ ప్లైవుడ్ అయినా సరే’ అని వ్యాసంలో ఉంది. మన దుకాణాల్లో వాటర్‌ప్రూఫ్ అన్న మాట చాలా ఉదారంగా వాడతారు. మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. ఇంటి సామానుకు వాడే సాధారణ ప్లైవుడ్‌ది ఐ.ఎస్. 303. వడ్రంగులు మొదటిదాన్ని ‘సెవెన్ టెన్’ అంటారు. ముద్ర ఉంటే చాలదని నాకు మొదటి షీటే నేర్పింది. నగరంలో ఒక దుకాణంలో కొన్న నాలుగు మిల్లీమీటర్ల షీటు మీద ఆ అంకె స్పష్టంగానే ఉంది. కోతలో మిగిలిన ముక్కను పాత అల్యూమినియం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. ప్రమాణం ప్రకారం మరిగే నీటిలో 72 గంటల పరీక్షకు నిలవవలసిన ఆ ముక్క రెండు గంటలకే ఉల్లిపాయలా పొరలు విడిచింది. మధ్య పొర గోధుమ రంగు గుజ్జులా వేలికి అంటుకుంది. దుకాణదారు షీటు వెనక్కి తీసుకోలేదు. ఆ షీటు ఇప్పుడు మా ఇంట్లో మూడు కుర్చీల కింద అట్టగా ఉపయోగపడుతోంది. తరువాత మరో చోట, ముందే అరచెయ్యంత ముక్క అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి చూసుకున్నాకే మూడు షీట్లు కొన్నాను. కొనబోయేవారు షీటును వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోతే, లోపల ఖాళీ ఉన్న చోట శబ్దం బోలుగా మారుతుంది. నాలుగు మిల్లీమీటర్లలో పొరలు మూడే కనుక అటువంటి ఖాళీ ఒక్కటి ఉన్నా వంచేటప్పుడు అక్కడే విరుగుతుంది. విదేశాల్లో దీనికి గాబన్ ప్రాంతపు ఒకూమే కలపతో చేసిన తేలికపాటి ప్లైవుడ్ వాడతారు. మన దగ్గర దొరికే గట్టి కలప షీటు అంతకంటే బరువు. నేను కొన్నవి ఒక్కొక్కటి ఎనిమిది కిలోలకు పైగా తూగాయి. అందువల్ల పూర్తయిన పడవ ఇరవై ఏడు కిలోలు వచ్చింది. ఇంకో నాలుగైదు కిలోలు తగ్గితే బాగుండేది కానీ, ఆ బరువు నీటి మీద కాదు, మెట్ల మీదే తెలుస్తుంది.

షీటు పొడవు ఎనిమిది అడుగులు, పట్టీ పొడవు పద్నాలుగు. కాబట్టి రెండు ముక్కలను అతకాలి. కొత్తవారు భయపడేది ఈ అతుకుకే. నిజానికి నాకు అన్నిటికంటే ఆనందం ఇచ్చిన పనీ ఇదే. ప్లైవుడ్ మందానికి ఎనిమిది రెట్ల పొడవున, అంటే నాలుగు మిల్లీమీటర్ల షీటుకు ముప్పై రెండు మిల్లీమీటర్ల మేర, అంచును ఏటవాలుగా చిత్రిక పట్టాలి. ముక్కలన్నిటినీ ఒకదాని మీద ఒకటి మెట్ల వరుసలా ముప్పై రెండేసి మిల్లీమీటర్లు వెనక్కి జరిపి పేర్చి, అన్నిటినీ కలిపి ఒకే వాలుగా చిత్రిక పడితే సరిపోతుంది. వాలు సరిగ్గా వస్తోందో లేదో కొలవనవసరం లేదు, ప్లైవుడే చెబుతుంది. పొరల మధ్య జిగురు గీతలు వాలు మీద చారలుగా కనిపిస్తాయి. అవి రూళ్ల కాగితం గీతల్లా తిన్నగా, సమాన దూరంలో ఉంటే వాలు సరిగా ఉన్నట్టు. ఒక చార వంకర తిరిగితే అక్కడ ఎక్కువ చెక్కామని అర్థం. వడ్రంగం రాని నాకు ఈ చారలే గురువులు. అరగంటలో చెయ్యి కుదురుకుంది. ఎనభై రూపాయల చిత్రిక బ్లేడును మాత్రం నాలుగుసార్లు సాన పట్టించుకోవలసి వచ్చింది, ఎందుకంటే ప్లైవుడ్‌లోని జిగురు పదునును తినేస్తుంది.

కుట్టడం రెండు సాయంత్రాల పని. అంచు నుంచి సుమారు ఒక సెంటీమీటరు లోపలికి, జానెడుకు రెండు చొప్పున సన్నటి రంధ్రాలు వేసి, పాత ఇంటి వైరింగులోంచి ఒలిచిన రాగి తీగ ముక్కలు దూర్చి, బయటి వైపు పటకారుతో మెలితిప్పాలి. తీగ కొసలకు మోచేతులు గీరుకుపోతాయి, అంతే. మెలికలన్నీ ఒకేసారి గట్టిగా బిగించకుండా ముందు వదులుగా ఉంచి, ముక్కు నుంచి తోక దాకా దారం పట్టి, పడవ మెలి తిరగలేదని చూసుకున్నాకే బిగించాలి. మెలి తిరిగిన పడవ ఎంత తెడ్డు వేసినా ఒక పక్కకే పోతుంది.

ఇప్పుడు జిగురు. వ్యాసంలో రెండే వాక్యాల్లో తేల్చేసిన ఈ భాగమే నా దృష్టిలో మొత్తం పని.

ఎపాక్సీ రెండు సీసాలుగా వస్తుంది, అసలు జిగురైన రెజిన్ ఒకటి, హార్డెనర్ ఒకటి. హైదరాబాద్‌లో చిల్లరగా కొంటే డబ్బా మీద వివరాలు ఉండకపోవచ్చు. దుకాణంలో నోటి మాటగా ‘పదికి ఒకటి’ అంటారు. నాకూ అలాగే చెప్పారు. పది దేనికి, బరువుకా, కొలతకా అని అడగాలని ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు తట్టలేదు. గ్లాసుతో పది, అదే గ్లాసుతో ఒకటి పోసి కలిపాను. ఆ రకం ఎపాక్సీకి నియమం నూరు గ్రాముల రెజిన్‌కు పది గ్రాముల హార్డెనర్, అంటే బరువు లెక్క. రెజిన్ నీటికంటే బరువైనది, హార్డెనర్ నీటికంటే కాస్త తేలిక. పది గ్లాసుల రెజిన్ దాదాపు పదకొండున్నర గ్లాసుల నీళ్ల బరువు తూగుతుంది. ఒక గ్లాసు హార్డెనర్ ఒక గ్లాసు నీళ్ల బరువు కూడా తూగదు. లెక్క వేస్తే నేను పోసిన హార్డెనర్ కావలసినదానికి సుమారు ఏడో వంతు తక్కువ. ఫలితంగా అడుగు కుట్టు పొడవునా నింపిన జిగురు మూడో రోజుకు గట్టిపడినట్లే కనిపించి, వేలు ఆనిస్తే పాకంలా పట్టుకుంది. ఇరవై రోజులు ఎదురు చూశాను. ఎండలో పెట్టాను. ‘పైన ఇంకో పూత వేస్తే కింది పూతను కూడా లాగేస్తుంది’ అని ఎవరో చెబితే ఒక చోట అదీ చేశాను. పై పూత బిగిసింది, కిందిది అలాగే ఉంది. చివరకు పద్నాలుగు అడుగుల కుట్టునూ ఉలితో, పాత బ్లేడుతో గీకి తీసేశాను. ఆ పనికి ఐదు రోజులు పట్టింది.

ఆ అనుభవంతో తప్పు రెండో వైపుకు జారింది. తక్కువైతే ఆరలేదు కదా, ఎక్కువైతే నయం అనుకున్నాను. సరిగ్గా మీ వ్యాసకర్త చెప్పిన సలహాయే. మే నెల మధ్యాహ్నం, పెద్ద పెరుగు డబ్బాలో నాలుగు వందల గ్రాముల రెజిన్ పోసి, హార్డెనర్ ధారాళంగా వంచాను. కుంచె అందుకునేలోపే డబ్బా వేడెక్కింది. మరో రెండు నిమిషాలకు డబ్బా గోడ మెత్తబడి పక్కకు ఒరిగింది, లోపలి పదార్థం తేనె రంగు నుంచి ముదురు ఎరుపుకు మారి తెల్లటి పొగ లేచింది. పట్టకారుతో ఎత్తి ఇసుక తట్టలో పెట్టి దూరంగా జరిగాను. చల్లారాక అది నెర్రెలు విచ్చిన గాజు ముద్దలా మిగిలింది. ఇప్పటికీ మా గుమ్మం దగ్గర తలుపుకు అడ్డుగా పెడుతున్నాను. నాకు దాని ధర గుర్తున్నందువల్ల పారేయబుద్ధి కాలేదు.

జరిగినదానికి కారణం సులభమే. రెజిన్, హార్డెనర్ కలిసినప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా వేగవంతం చేస్తుంది, ఆ వేగం ఇంకా వేడిని పుట్టిస్తుంది. లోతైన డబ్బాలో ఆ వేడి పోయే దారి ఉండదు. అదే జిగురును వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలుచగా పోస్తే వేడి గాలిలోకి పోయి, పని చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అందుచేత ఒక్కసారికి నూరు గ్రాములు మించకుండా, వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాము లెక్కన తూచి, కలిపిన వెంటనే పళ్లెంలోకి వంచుకోవాలి. త్రాసును ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాడితే మళ్లీ వంటింటికి పనికొస్తుంది. మా ఇంట్లో ఈ విషయమై కొంత చర్చ జరిగి, చివరకు రెండో త్రాసు కొన్నాం.

హార్డెనర్ ఎక్కువైతే తొందరగా ఆరుతుందన్న నమ్మకం ఎక్కడిదో కూడా చెప్పాలి. నీళ్ల ట్యాంకులు, పైకప్పు రేకులు, విగ్రహాలు చేసే ఫైబర్ పనివారు ఎక్కువగా వాడేది ఎపాక్సీ కాదు, పాలియెస్టర్ రెజిన్. దానికి కలిపేది ప్రేరకం, అంటే బిగియడాన్ని మొదలుపెట్టించేది మాత్రమే, నూటికి ఒకటి రెండు పాళ్లు. ఎండను బట్టి, తొందరను బట్టి కొన్ని చుక్కలు పెంచడం తగ్గించడం వారికి అలవాటు, అది కొంతవరకు చెల్లుతుంది కూడా. ఎపాక్సీలో హార్డెనర్ అటువంటిది కాదు. అది రెజిన్‌తో జతకట్టి పదార్థంలో భాగమైపోయే జోడీ. కుడికాలి చెప్పులు నూరు, ఎడమకాలివి నూట ఇరవై ఉంటే జతలు నూరే అవుతాయి, మిగిలిన ఇరవై ఎప్పటికీ ఒంటివే. ఆ ఒంటివి జిగురు మధ్యలో ఉండిపోయి బలాన్నీ నీటికి తట్టుకునే గుణాన్నీ తగ్గిస్తాయి. తొందర కావాలంటే వేగంగా బిగిసే రకం హార్డెనర్ వేరే కొనుక్కోవాలి తప్ప, ఉన్నదాన్ని ఎక్కువ పోయకూడదు. పాలియెస్టర్ చవకగా దొరుకుతుంది కదా అని దానితోనే పడవ కట్టబోయేవారికి ఒక మాట: అది చెక్కను ఎపాక్సీలా పట్టదు, కాలక్రమంలో పొరగా లేచిపోతుంది.

మన వాతావరణం గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు వింతగా తోచింది. ఏ చల్లటి దేశపు సూచనలనో యథాతథంగా అనుసరించినట్లుంది. హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నాలు ఎపాక్సీకి శత్రువులు. వానాకాలం ఇంకో రకం శత్రువు. తేమ గాలిలో ఆరిన పూత మీద మైనంలాంటి జిడ్డు పొర ఏర్పడుతుంది. కనిపించదు, వేలితో రాస్తే తెలుస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే అది కాగితాన్నే మూసేస్తుంది. దాని మీద వేసిన పూత పట్టదు. ఎంతో అవస్థ పడ్డాక తెలిసింది, మామూలు నీళ్లు, అంట్లు తోమే పీచు చాలని. దసరా వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి లోపల జిగురు పని ముగించుకోవడం మనకు అన్నివిధాలా అనువు. ఆ నెలల్లో కూడా చెక్కకు మొదటి పూత ఉదయం పూట వేయకూడదు. పొద్దెక్కే కొద్దీ చెక్క లోపలి గాలి వ్యాకోచించి బయటకు తన్నుతుంది. ఆ గాలి తడి జిగురులో పూరీ మీద పొంగుల్లా బుడగలు లేపుతుంది. సాయంత్రం, ఎండ తగ్గుముఖం పట్టాక వేస్తే గాలి లోపలికి కుంచించుకుని జిగురును తనతోపాటు చెక్కలోకి పీల్చుకుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక ముక్కు వైపు మూడడుగుల మేర మళ్లీ గరుకు కాగితంతో రుద్దుకున్నాను.

కుట్ల లోపలి మూలలు నింపడానికి జిగురులో జల్లించిన రంపపు పొట్టు కలపాలి. ఎంత అంటే, గరిటె బోర్లించినా జారని గారెల పిండి అంత. చెంచా వెనుక భాగంతో లాగితే మూల గుండ్రంగా వస్తుంది. ఆపైన గాజునార గుడ్డ పరిచి జిగురు పోస్తే తెల్లటి గుడ్డ కళ్లముందే మాయమై కింద చెక్క వన్నె తేలుతుంది. ఆ క్షణం చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఆ మురిపెంలో ఇంకొంచెం పోద్దామనిపిస్తుంది, పోయకూడదు. ఎక్కువైన జిగురు మీద గుడ్డ తేలిపోతుంది. అదనపుదాన్ని ప్లాస్టిక్ రేకుతో గీకి తీసేయాలి. పడవ బలం గుడ్డలో ఉంటుంది, జిగురు దాన్ని పట్టి ఉంచడానికే.

ఆరోగ్యం మాట వ్యాసంలో అసలే లేదు. చేతి తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోకూడదు. కొందరికి మొదట్లో ఏమీ కాదు, కొన్నాళ్లకు ఒంటికి పడకుండా పోతుంది, ఒకసారి అలా మొదలైతే ఆ తరువాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. నా కుడి మణికట్టు మీద తొడుగు అంచు దగ్గర వచ్చిన దురద రెండు వారాలు ఉంది. అంటిన జిగురును థిన్నరుతో కడుక్కోవడం మరీ ప్రమాదం. అది జిగురును పలుచన చేసి చర్మంలోకి ఇంకిస్తుంది. సబ్బు, నీళ్లు వాడాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే ధూళికి మంచి మాస్కు తప్పనిసరి. పూర్తిగా బిగియని ఎపాక్సీ ధూళి మరింత చెడ్డది. అపార్టుమెంటు గదిలో తలుపులు మూసుకుని చేసే పని కాదిది.

పని పూర్తయ్యాక వార్నిష్ గానీ రంగు గానీ వేయడం అందానికి కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని క్రమంగా పొడి చేసేస్తాయి. లేత రంగు మేలు, ముదురు రంగు మన ఎండను పీల్చుకుంటుంది. అలాగే ముందు వెనుక అరలను గాలి చొరకుండా మూసేవారు ఆ అడ్డుగోడలో గుండుసూది అంత రంధ్రం ఒకటి వదలాలి. లేకపోతే కారు మీద ఎండలో పెట్టినప్పుడు లోపలి గాలి ఉబ్బి అతుకులను తోస్తుంది.

మేడ మీద కట్టిన పద్నాలుగు అడుగుల వస్తువు మెట్ల మలుపులో తిరగదన్న సంగతి నేను కోతకు ముందే కొలిచి చూసుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకుంటున్నాను, ఎందుకంటే అప్పటిదాకా నేను సరిగ్గా ముందుచూపుతో చేసిన పని అదొక్కటే. పిట్టగోడకు పాత బొంత కప్పి, రెండు తాళ్లతో, ఇరుగుపొరుగువారి సాయంతో కిందికి దించాం. నగర శివార్లలో నా పూర్వ విద్యార్థి ఒకరి పొలంలోని కుంటలో దాన్ని మొదటిసారి నీటిలో పెట్టాం. పడవ ఇరవై ఏడు కిలోలు, నేను యాభై ఎనిమిది, లైఫ్ జాకెట్టూ తెడ్డూ సంచీ కలిపి ఐదు. మొత్తం తొంభై కిలోలకు తొంభై లీటర్ల నీరు పక్కకు తొలగాలి. కాగితం మీద వేసుకున్న నీటి గీతకు రెండు వేళ్ల కిందే నీరు ఆగింది. అంటే నా లెక్కలో పడవ కడుపు కాస్త తక్కువగా వచ్చింది. ముందు ఎక్కుతారన్న వడ్రంగి గారు గట్టునే నిలబడి, “మంచిగనే ఉన్నది మేడమ్, మీరే పోయి రాండి” అన్నారు. ఆ రోజు తెడ్డు వేయడం కంటే ముందు నడుం లోతు నీటిలో కావాలని బోర్లా పడి, పడవలోంచి బయటికి రావడం పదిసార్లు సాధన చేశాను. కయాక్ కట్టుకున్న ప్రతివారూ ఇది చేయాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ విప్పకూడదు.

నగరంలో దాన్ని ఎక్కడ నడపాలన్నది వేరే చిక్కు. హుస్సేన్ సాగర్‌లో ఏటా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, దుర్గం చెరువులో కయాక్‌లు అద్దెకు దొరుకుతాయి. కానీ సొంతంగా కట్టుకున్న పడవతో వచ్చినవారికి ఏ గట్టున, ఎవరిని అడిగి దిగాలో చెప్పే బోర్డు నాకు కనిపించలేదు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లు నగరానికి తాగునీటి జలాశయాలు, వాటిలోకి అనుమతి లేకుండా దిగడం సరికాదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టంలో యంత్రం లేని పడవలకు కూడా ఒక అధ్యాయం కేటాయించారు. వాటి నమోదు విషయంలో స్థానిక సంస్థలకు పాత్ర ఇచ్చారు. దాని ప్రకారం మన చెరువుల దగ్గర చిన్న పడవల వారు ఏం చేయాలో మీ విలేకరులు సంబంధిత అధికారులను అడిగి రాస్తే చాలామందికి ఉపకారం. నేను రెండు కార్యాలయాలకు వెళ్లాను, రెండు చోట్లా మర్యాదగా టీ ఇచ్చి అవతలి కార్యాలయం పేరు చెప్పారు.

వ్యాసకర్తను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, విషయాన్ని తెలుగులో రాయడానికి పూనుకున్నందుకు వారిని అభినందిస్తున్నాను. కానీ హార్డెనర్ గురించిన ఆ వాక్యాన్ని సవరిస్తూ, వ్యాసం వచ్చిన ఆదివారం అనుబంధంలోనే, అదే పుటలో, ‘తయారీదారు చెప్పిన పాళ్లలో, బరువు లెక్కయితే త్రాసుతో తూచి మాత్రమే కలపాలి’ అని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వానలు వెనుకపట్టి పని మొదలుపెట్టే కాలం దగ్గర పడుతోంది కనుక, వీలైతే దసరా లోపలే వేయగలరు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
సైనిక్‌పురి, హైదరాబాద్.